పూతలపట్టు శ్రీరాములు రెడ్డి: అనువాదమే కావ్యంగా ఒక జీవితం

(పూతలపట్టులో చేసిన స్మారకోపన్యాస పాఠం)



మన సాహిత్య చరిత్ర పుస్తకాల్లో పూతలపట్టు శ్రీరాములు రెడ్డిగారి పేరు కోసం వెతికితే అనువాదకుల వరసలో కనిపిస్తుంది. తమిళ కావ్యాలను తెలుగు చేశారు అన్న ఒక్క మాటతో ఆ ప్రస్తావన ముగుస్తుంది. కవుల వరసలో ఆయన కనిపించడం అరుదు. తిరుక్కురళ్‌ను, శిలప్పదికారాన్ని, కంబరామాయణాన్ని తెలుగులోకి తెచ్చిన మనిషి పద్యం రాయడంలో ఎంత సాధన చేసి ఉండాలో, రెండు భాషల ఛందస్సులను ఎంత లోతుగా తెలుసుకుని ఉండాలో ఆ ఒక్క మాట చెప్పదు. ఆయన ముందు కవి. కవి కావడం వల్లే అనువాదకుడయ్యారు. ఈరోజు నేను నిలబెట్టదలచింది ఈ మాటే.

శ్రీరాములు రెడ్డిగారు 1892లో పుట్టారు, 1971లో కన్నుమూశారు. ఈ రెండు తేదీల మధ్య ఈ నేల ఎన్ని ఏలుబడులు చూసిందో గుర్తు చేసుకుంటే ఆయన పని విలువ ఇంకొంచెం తెలుస్తుంది. ఆయన పుట్టినప్పుడు చిత్తూరు జిల్లా లేదు. ఇదంతా మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లా. చిత్తూరు పట్టణమే దానికి ముఖ్యస్థానం. తెలుగు తాలూకాలు, తమిళ తాలూకాలు ఒకే కలెక్టరు కింద ఉండేవి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికి ఆయనకు పందొమ్మిదేళ్లు. ఆంధ్ర రాష్ట్రం వచ్చేనాటికి అరవై దాటాయి. తిరుత్తణి మన జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయిన 1960కి డెబ్బైకి దగ్గరపడ్డారు. జిల్లా మారింది, రాష్ట్రం రెండుసార్లు మారింది, సరిహద్దు గీత కదిలింది. ఆయన చూపు మాత్రం తమిళ కావ్యాల మీదే నిలిచింది.

1892కు ఇంకో విశేషం ఉంది. మహామహోపాధ్యాయ ఉ.వే. స్వామినాథయ్యరు తాటాకు ప్రతులు పోల్చి చూసి శిలప్పదికారాన్ని పరిష్కరించి అచ్చువేయించింది ఆ ఏడాదే. పండితుల ఇళ్లలో, మఠాల్లో మూలుగుతున్న గ్రంథం మామూలు చదువరి చేతికి వచ్చింది అప్పటినుంచే. ఆ ఏడే పుట్టిన మన కవి పెరిగి పెద్దవాడై ఆ కావ్యాన్నే తెలుగు చేశాడు. దీన్ని దైవసంకల్పం అనబోను. కానీ ఒక విషయం స్పష్టం. స్వామినాథయ్యరు తరం ఆ పరిష్కరణలు చేయకపోతే శ్రీరాములు రెడ్డిగారి తరానికి అనువదించడానికి చేతికందే మూలమే ఉండేది కాదు. జీవక చింతామణి 1887లో, శిలప్పదికారం 1892లో, పురనానూరు 1894లో, మణిమేఖలై 1898లో అచ్చయ్యాయి. తమిళులు తమ పాత కావ్యాలను తామే మళ్లీ కనుగొంటున్న కాలం అది. మన కవి బాల్యం, యౌవనం ఆ వేడిలోనే గడిచాయి.

రెండు భాషలు ఆయనకు ఎట్లా అబ్బాయని బయటివాళ్లు అడగవచ్చు. ఈ ఊరివాళ్లకు ఆ ప్రశ్న రాదు. పాకాల నుంచి కాట్పాడి వెళ్లే రైలు ఇటుగానే పోతుంది. వేలూరు మనకు పరాయి ఊరు కాదు. వైద్యానికి అక్కడికే పోతాం, పెళ్లి సంబంధాలు అక్కడిదాకా కలుస్తాయి. ఇంట్లో తెలుగు, సంతలో అరవం, మళ్లీ అరవం మాట్లాడే ఇంటికి కోడలుగా పోయిన మన ఆడబిడ్డ నోట రెండూ. వేసవిలో ధర్మరాజుల గుడి ముందు భారతం పెడితే పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సుమాను ఎక్కే రోజున పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాష్టాంగపడతారు. దుర్యోధన వధ నాడు మట్టితో చేసిన ఆ పెద్ద బొమ్మ చుట్టూ ఊరంతా చేరుతుంది. ఇదే ఆచారం సరిహద్దుకు అవతల ద్రౌపదమ్మ గుళ్లలో తమిళంలో జరుగుతుంది. ఒకే కథను రెండు భాషల్లో విని పెరిగినవాడికి ఒక భాష కావ్యం ఇంకో భాషలో బతకగలదన్న నమ్మకం ఎవరూ నేర్పనక్కర్లేదు.

తమిళ సాహిత్యానికీ మన కొండలకూ ఉన్న బంధం ఇంకా పాతది. పాత తమిళ వ్యాకరణం తొల్కాప్పియానికి ముందున్న పాయిరం, అంటే పీఠిక, తమిళ నేలకు ఉత్తరపు హద్దుగా వేంగడాన్ని, అంటే మన తిరుమల కొండను చెబుతుంది. శిలప్పదికారంలో కథానాయకుడు కోవలన్, అతని భార్య కణ్ణగి మదురైకి నడిచిపోతుంటే దారిలో ఎదురైన మాంగాడు బ్రాహ్మణుడు వేంగడం మీద శంఖచక్రాలతో నిలిచిన స్వామిని వర్ణిస్తాడు. కంబని రామాయణంలో సుగ్రీవుడు సీతను వెతకడానికి వానరులను దక్షిణ దిక్కుకు పంపుతూ దారి చెప్పే చోట వేంగడం వస్తుంది. ఉత్తరపు మాటకూ దక్షిణపు మాటకూ ఆ కొండే ఎల్ల అని కంబడు అక్కడ అంటాడు. శేక్కిళార్ పెరియపురాణంలో కణ్ణప్పడు తిరిగే అడవి కాళహస్తి కొండే, అతను నోట పుక్కిట పట్టి తెచ్చే నీళ్లు మన సువర్ణముఖివే. మన నేల కథ మనకంటే ముందు పక్క భాషలో కావ్యమై కూర్చుంది. దాన్ని తెలుగువాడు చదవాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి. మనకు పాల్కురికి సోమనాథుడు ఆ భక్తుల కథలను బసవపురాణంలోకి తెచ్చాడు. ధూర్జటి తిన్నడిని తన కావ్యంలో నిలిపాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ఆండాళ్ కథ చెప్పాడు. అయితే వీళ్లు కథలు తెచ్చారు. తమిళ కావ్యాన్ని కావ్యంగా, దాని కట్టుబడితో సహా తేవాలన్న పని మన ప్రాచీనులు పెట్టుకోలేదు.

ఇది ఆలోచించవలసిన సంగతి. నన్నయ నుంచి తొమ్మిది వందల ఏళ్లపాటు సంస్కృతం నుంచి తెచ్చుకుంటూనే ఉన్నాం. భారతం తెచ్చుకున్నాం, నైషధం తెచ్చుకున్నాం, పురాణాలన్నీ తెచ్చుకున్నాం. గోడ అవతలే ఉన్న తమిళం నుంచి ఒక పెద్ద గ్రంథం నేరుగా తెచ్చుకోవడానికి మనకు 19వ శతాబ్దం చివరిదాకా పట్టింది. అప్పుడు మొదలైన కురళ్ అనువాదాల వరసలో శ్రీరాములు రెడ్డిగారు నిలిచారు. ఆయన తర్వాత చల్లా రాధాకృష్ణశర్మ గారు తమిళవేదం పేరుతో కురళ్‌ను తెలుగు చేశారు. శ్రీరాములు రెడ్డిగారి ప్రత్యేకత ఎక్కడుందంటే, ఆయన ఒక్క గ్రంథంతో ఆగలేదు. నీతి గ్రంథం ఒకటి, కథాకావ్యం ఒకటి, ఇతిహాసం ఒకటి. మూడూ మూడు రకాల పద్యాలు, మూడు రకాల కష్టాలు.

వళ్లువర్ రాసిన కురళ్ సంగతి ముందు చూద్దాం. 133 అధికారాలు, ఒక్కొక్కదానిలో పది, మొత్తం 1330 కురళ్లు. మొదటి పాదంలో నాలుగు గణాలు, రెండో పాదంలో మూడు. ఏడు గణాల్లో ఒక ఆలోచన మొదలై, మలుపు తిరిగి, ముగియాలి. తమిళానికి ఉన్న బిగువు వల్ల, విభక్తులు దాచుకోగల స్వభావం వల్ల అది సాధ్యమైంది. దాన్ని తెలుగులో ఏ పద్యంలో పెట్టాలి? ద్విపదలో పెడితే రెండు పాదాల రూపం దక్కుతుంది కానీ, ద్విపద కథ చెప్పడానికి అలవాటుపడిన నడక. ఒక పద్యం దగ్గర ఆగి ఆలోచించమనదు, ముందుకు లాగుతుంది. ఆటవెలదిలో పెడితే వేమన వినిపిస్తాడు. తెలుగు చెవికి నీతి అనగానే వేమన నడకే గుర్తొస్తుంది, వళ్లువర్ మెత్తని గొంతు దానికింద అణగిపోయే ప్రమాదం ఉంది. కందంలో పెడితే చోటు పెరుగుతుంది, పెరిగిన చోటును నింపడానికి మూలంలో లేని విశేషణాలు వచ్చి చేరతాయి. ఏ దారిన పోయినా ఒకటి పోతుంది. ఏది పోవచ్చు, ఏది పోకూడదు అన్నది తేల్చుకునే శక్తి పండితుడికి చాలదు, కవికే ఉంటుంది. అది ఒకసారి తేల్చుకుంటే సరిపోదు, ప్రతి కురళ్ దగ్గరా మళ్లీ తేల్చుకోవాలి. ఈ గ్రంథం మీద ఏళ్లు గడపగలిగినవాడికి ఎంత ఓర్పు ఉండాలో పద్యం కట్టిన వాళ్లకు తెలుస్తుంది.

రెండు భాషల పద్యాలకూ ఒక చుట్టరికం ఉంది, అది ఆయనకు కొంత సాయం చేసి ఉంటుంది. మన పద్యాల్లో చాలావాటిలో ప్రతి పాదానికీ రెండో అక్షరం కలవాలి, అదే ప్రాస. తమిళంలో దాన్ని ఎదుగై అంటారు. సంస్కృత ఛందస్సులో ఈ నియమం లేదు. తెలుగు, కన్నడ, తమిళాలకు ఇది ఉమ్మడి ఆస్తి. పాదం మొదటి అక్షరం కలిపే మోనైకి మన యతితో కొంత పోలిక ఉంది. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు కవి ప్రాసను కొత్తగా కల్పించుకోవాలి. తమిళం నుంచి వచ్చేటప్పుడు ఆ మోత మూలంలోనే ఉంటుంది, దాన్ని వినగలిగితే చాలు. నన్నయ మొదలు మన కవులు చేసిన పనికీ శ్రీరాములు రెడ్డిగారు చేసిన పనికీ ఇక్కడ ఒక మౌలికమైన తేడా ఉంది. దీన్ని మన ఛందశ్శాస్త్ర పరిశోధకులు పట్టించుకోవాలి.

కంబరామాయణం ఇంకో రకం సవాలు. పదివేలకు పైబడిన పద్యాలు, ఆరు కాండలు. పట్టాభిషేకంతో ముగుస్తుంది, ఉత్తరకాండ లేదు. తెలుగువాడికి రామాయణం కొత్త కాదు. రంగనాథ రామాయణం ఉంది, భాస్కర రామాయణం ఉంది, మొల్ల ఉంది. కాబట్టి కంబని తెలుగులో చదివేవాడు కథ కోసం చదవడు, కంబడు కథను ఎక్కడ మార్చాడో చూడటానికి చదువుతాడు. మిథిల వీధిలో రాముడూ మేడమీది సీతా విల్లు విరగకముందే చూపులు కలుపుతారు. రావణుడు సీతను ముట్టుకోడు, ఆమె ఉన్న పర్ణశాలను నేలతో సహా పెళ్లగించి ఎత్తుకుపోతాడు. యుద్ధకాండలో విభీషణుడి నోట హిరణ్యవధ కథ ఒక పెద్ద పడలంగా, అంటే అధ్యాయంగా, వస్తుంది, అది విడిగా తీస్తే తానే ఒక కావ్యం. వాలి నేలకొరిగి రాముణ్ణి నిలదీసే చోట కంబడు రెండు పక్షాలకూ మాట ఇస్తాడు. ఇలాంటి తావుల్లో అనువాదకుడికి పెద్ద ఆకర్షణ ఒకటి ఉంటుంది. తెలుగు పాఠకుడి చెవికి అలవాటైన రామాయణం వైపు కొంచెం ఒరిగిపోవడం తేలిక. ఒరిగితే ఎవరూ తప్పు పట్టరు, పైగా మెచ్చుకుంటారు. కంబణ్ణి కంబడుగానే ఉంచడమే కష్టం. ఇంతటి గ్రంథాన్ని తెలుగు పద్యంలో నిలపాలని తలపెట్టడమే ఒక సాహసం. చేసి చూపడం ఆయన జీవితంలోని పెద్ద ఘనత అని నా నమ్మకం.

ఇక శిలప్పదికారం. పుగార్, మదురై, వంజి అని మూడు కాండాలు, ముప్పై కాదైలు, అంటే సర్గలు. రాసింది ఇళంగో అడిగళ్ అనే జైనముని. కథ ఒక వ్యాపారి భార్యది. రాజు కథ కాదు, దేవుడి కథ కాదు. కాలి అందె ఒకటి మదురై నగరాన్ని తగలబెట్టింది. కావ్యం నిండా పాటలు. సముద్రతీరంలో కానల్వరి, అడవిలో వేటగాళ్ల పాట, గొల్లపడుచుల కురవై, కొండజాతివాళ్ల కురవై. వీటిని తెలుగులోకి తేవడానికి నిఘంటువు చాలదు. జాతర తెలిసి ఉండాలి. తిరుపతి గంగమ్మ జాతరలో వేషాలు కట్టడం చూసినవాడికి, అమ్మవారికి పొంగళ్లు పెట్టే ఆడవాళ్ల పాట విన్నవాడికి వేటగాళ్ల పాట వేట్టువవరిలోని కొట్రవై అమ్మవారి పూజ పరాయిది కాదు. ఈ సీమ నుంచి ఈ కావ్యానికి అనువాదకుడు రావడం సహజం అని నేను అనుకోవడానికి అదే కారణం.

ఇక్కడే ఒక చరిత్ర ప్రసంగం చెప్పక తప్పదు. భాషారాష్ట్రాల కాలంలో వేంగడం మాది, చిత్తూరు మాది అని తమిళనాట పెద్ద ఉద్యమం నడిచింది. దానికి నాయకుడు ఎం.పి. శివజ్ఞానం. తమిళులు ఆయన్ని మా.పొ.సి. అంటారు. శిలప్పదికారం మీద ఆయనకున్న ప్రేమకు గుర్తుగా సిలంబుచ్చెల్వర్ అని బిరుదిచ్చారు. ఇటువైపు మనవాళ్లూ మద్రాసు కోసం, తిరుత్తణి కోసం అంతే పట్టుదలతో పోరాడారు. చివరికి సరిహద్దు వివాదం మీద పటాస్కర్ తీర్పు వచ్చింది, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. ఊళ్లు తెగాయి, మనసులు నొచ్చుకున్నాయి. ఆ ఉద్యమ నాయకుడు ఏ కావ్యాన్ని గుండెలకు హత్తుకుని ఈ జిల్లా మాది అన్నాడో, ఆ కావ్యాన్నే ఈ జిల్లా మనిషి ఒకాయన తెలుగులో రాశాడు. గొడవ పడుతున్న రెండు పక్షాలకూ ఆ కావ్యం ఉమ్మడిదని తేల్చడానికి అంతకన్నా బలమైన సాక్ష్యం నాకు తెలియదు. శ్రీరాములు రెడ్డిగారు సభలెక్కి సరిహద్దు మీద ఏం మాట్లాడారన్నది నాకు ముఖ్యం కాదు. ఆయన రాసిన పుస్తకం చాలు.

ప్రపంచంలో ఇంకెక్కడైనా అనువాదకుణ్ణి కవిగా గౌరవించే సంప్రదాయం ఉందా అంటే ఫ్రెంచి వాళ్ల దగ్గర గట్టిగా ఉంది. నెర్వాల్ ఇరవయ్యేళ్ల వయసు నాటికే గోథే ఫౌస్ట్‌ను ఫ్రెంచి చేశాడు. ముసలితనంలో గోథే ఆ అనువాదాన్ని మెచ్చుకున్నాడని ఆయన సంభాషణలు రాసిపెట్టిన ఎకర్మన్ చెబుతాడు. బోదలేర్ 1857లో తన కవితా సంపుటి అచ్చువేయకముందే అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో కథలను ఫ్రెంచిలోకి తేవడం మొదలుపెట్టాడు. మొదటి సంపుటి 1856లో వచ్చింది. 1865 దాకా మొత్తం ఐదు సంపుటాలు వెలువడ్డాయి. మల్లార్మే 1888లో పో కవితలను ఫ్రెంచి వచనంలో పెట్టాడు. బోదలేర్ జీవితం రాసేవాళ్లు ఎవరూ పో అనువాదాలను చివరి పేజీ అడుగున పెట్టరు. అవి ఆయన కవిత్వాన్ని మలిచిన పని అని అధ్యాయాలు కేటాయిస్తారు. మన కావ్యాల వైపు కూడా ఫ్రెంచి వాళ్లు చూశారు. పుదుచ్చేరిలో ఉద్యోగం చేసిన ఏరియల్ 1848లో కురళ్ భాగాలను ఫ్రెంచిలోకి తెచ్చి పారిస్ పండితుల పత్రికలో వేయించాడు. అలెన్ దానియెలూ 1961లో శిలప్పదికారాన్ని ఫ్రెంచిలో ప్రచురించాడు. పారిస్‌లో గల్లిమార్ సంస్థ ఆ పుస్తకం వేసేనాటికి మన శ్రీరాములు రెడ్డిగారు ఇంకా బతికే ఉన్నారు. దానియెలూ పేరు ప్రపంచమంతా తెలుసు. పూతలపట్టు పేరు ఎందరికి తెలుసు?

దీనికి మన విమర్శ కూడా కొంత బాధ్యత వహించాలి. మన జిల్లాకే చెందిన కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో కవిత్వతత్త్వ విచారం రాశారు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ముందుకు తెచ్చి కల్పనకు, కథా నిర్మాణానికి పట్టం కట్టారు. ఆ పుస్తకం తెలుగు విమర్శను మేలుకొలిపింది, అందులో సందేహం లేదు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. అయితే ఆ తర్వాతి తరాలు ఆ కొలతను మరీ బిగించి, సొంతంగా కల్పించినవాడే కవి, తెచ్చినవాడు కవి కాదు అన్న దాకా తీసుకుపోయాయి. ఆ లెక్కన తిక్కన ఎక్కడ నిలబడతాడు? శ్రీనాథుడు ఎక్కడ నిలబడతాడు? వాళ్లకు ఇచ్చిన చోటు శ్రీరాములు రెడ్డిగారికి ఇవ్వనిది ఎందుకు? వాళ్లు సంస్కృతం నుంచి తెచ్చారు, ఈయన తమిళం నుంచి తెచ్చారు, అంతేనా తేడా? తెలుగు సాహిత్యం ఈ ప్రశ్నకు ఇంతవరకు సరిగ్గా జవాబు చెప్పలేదు.

మన జిల్లా చరిత్రలో ఇంకో అనువాదం ఉంది, అది మాత్రం అందరికీ గుర్తుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు మదనపల్లె థియొసాఫికల్ కళాశాలలో బసచేసి, తన జనగణమన గీతాన్ని తానే ఇంగ్లీషు చేశారు. అప్పుడు ఆ కళాశాలకు పెద్ద ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్. ఆ గీతానికి స్వరం కట్టడంలో ఆయన భార్య మార్గరెట్ సాయపడ్డారు. మదనపల్లె వాళ్లు ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి. ఒక గీతాన్ని అనువదించిన రోజులను ఒక పట్టణం అంతగా గుర్తుపెట్టుకోగలిగినప్పుడు, జీవితమంతా అనువాదానికి పెట్టిన మనిషిని ఆయన పేరున్న ఊరు అంతకంటే గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

విద్యార్థులకు ఒక మాట. మీలో తమిళం మాట్లాడే ఇళ్లనుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. బడిలో ఆ సంగతి దాచుకునేవాళ్లను నేను చూశాను. దాచుకోవద్దు. అది మీ దగ్గరున్న ఆస్తి. తమిళ లిపి నేర్చుకోవడానికి ఒక వేసవి సెలవు చాలు. కంబరామాయణంలో ఒక పడలం తీసుకుని, పక్కన శ్రీరాములు రెడ్డిగారి పద్యాలు పెట్టుకుని చదవండి. ఎక్కడ ఆయన గెలిచారో, ఎక్కడ తమిళమే గెలిచిందో రాసి పెట్టుకోండి. తిరుపతి విశ్వవిద్యాలయాల్లో తెలుగు శాఖలు ఉన్నాయి, తమిళం చదివినవాళ్లూ ఉన్నారు. ఆయన మూడు గ్రంథాలనూ మూలాలతో పద్యం పద్యంగా పోల్చే పని ఒక పరిశోధక బృందానికి పదేళ్లు సరిపడా ఉంది. తెలుగు ఛందస్సు గురించి కొత్త సంగతులు అందులోంచి బయటికి వస్తాయని గట్టిగా నమ్ముతున్నాను.

ఊరి పెద్దలకు నా విన్నపం ఇది. శ్రీరాములు రెడ్డిగారి పుస్తకాలన్నీ ఒక్కచోట, ఈ పూతలపట్టులోనే ఉండాలి. కొత్త భవనం కట్టనక్కర్లేదు, గ్రంథాలయంలో ఒక బీరువా చాలు. మీ ఇళ్లలో, మీ బంధువుల ఇళ్లలో పాత పెట్టెల్లో ఆయన పుస్తకం ఏదైనా, అట్ట చిరిగినదైనా సరే, ఉంటే తెచ్చి ఇవ్వండి. ఆయన చేతిరాతతో ఉత్తరమో కాగితమో ఉన్నవాళ్లు దాన్ని ఫోటో తీసి అయినా ఇవ్వండి. ఆ పుస్తకాలు ఒక వరసలో చేరిన రోజున వాటిని మళ్లీ అచ్చువేయించమని అడిగే హక్కు మనకు వస్తుంది.